మేడి మీద చెయ్యి

నేను ఒక నాగలిని. కొయ్య నాగలిని. ఈ మాట వినగానే మీలో కొందరి గుండెలు పొంగుతాయని నాకు తెలుసు. రైతే రాజు అన్న అక్షరాల కింద నా బొమ్మ వేసినవాళ్లు, వేదికలెక్కి నన్ను అన్నదాత ఆయుధమన్నవాళ్లు బోలెడుమంది. వాళ్లలో ఒక్కడు కూడా నన్ను పట్టుకుని ఒక చాలు దున్నిన పాపాన పోలేదు. పోనివ్వండి, వాళ్లతో నాకు పేచీ లేదు. నన్ను పట్టుకున్నవాళ్లతోనే నాకు తలనొప్పి. నాకు తల లేని మాట నిజమే గాని, నొప్పి మాత్రం ఉంది.

నా ఒళ్లు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. కింద నేలను చీల్చే ఇనప కర్రు ఉంటుంది. ముందుకు, ఎద్దుల కాడికి కట్టే పొడుగాటి కర్ర ఉంటుంది. వెనక, దున్నే మనిషి చేత్తో అదిమి పట్టుకునే పిడి ఉంటుంది. దాన్ని మేడి అంటారు. నా బతుకులో రామాయణమంతా ఆ మేడి దగ్గరే జరిగింది.

మా ఊరు కరకగొంది. బస్సు దిగి, ఒక కొండ ఎక్కి, దిగి, మేము గెడ్డ అనే వాగు దాటి, ఇంకో కొండ ఎక్కితే వస్తుంది. మీరు రాలేదు. రారు కూడా. ఆ కొండ మీద గాలివానకు పడిపోయిన ఒక మద్దిచెట్టుకు కొమ్మగా ఉన్నప్పుడు నన్ను మొదట చూసింది బుద్రి. అప్పటికి ఆవిడ కొత్త కోడలు. ఆవిడ మొగుడు దొన్ను ఆ ఏడాదంతా నాగలికి పనికొచ్చే వంపున్న కొయ్య కోసం వెతుకుతున్నాడు. వెతకడమంటే ఎక్కువగా జీలుగుచెట్టు కింద కల్లుకుండ పక్కన కూర్చుని వెతకడం. బుద్రి కట్టెలకని వచ్చి, నా వంపు చూసి ఆగింది. చిన్న గొడ్డలితో నన్ను నరికి, కట్టెలమోపు మీద నన్ను కూడా పెట్టుకుని, ఏటవాలు దారిలో నెత్తిన మోసుకుంటూ ఇంటికి తెచ్చింది.

దొన్ను సంబరపడ్డాడు. మంచివాడే పాపం. బాడిసతో చెక్కి, సంతలో కమ్మరి దగ్గర కర్రు చేయించి బిగించాడు. నేను నాగలినయ్యాను. ఆ సాయంత్రం వాకిలి ఊడుస్తున్న బుద్రి నన్ను పక్కకు జరపబోయి, ఊరికే సరదాకి మేడి పట్టుకుని ఎలా ఉందో చూసింది. అంతే, లోపలినుంచి అత్త వచ్చేసింది.

"ఒలే, మేడి ముట్టకు. ఆడది మేడి పడితే వాన ఎల్లిపోద్ది."

బుద్రి చెయ్యి తీసేసింది. అంతకుముందు నన్ను నెత్తిన మోస్తే వెళ్లిపోని వాన, ఇప్పుడు చెయ్యి తాకితే ఎందుకు వెళ్లిపోతుందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఆ ఊరి ఆచారం చెబుతాను, ఓపిక పట్టండి. ఆడమనిషి నన్ను భుజాన వేసుకుని మడిదాకా మోసుకెళ్లొచ్చు. నిజానికి మోసేది ఎప్పుడూ ఆవిడే, మగవాడు ఎద్దుల్ని తోలుకుంటూ ముందు నడుస్తాడు. ఆవిడ నన్ను గెడ్డలో కడగొచ్చు. పసుపు రాసి బొట్టు పెట్టొచ్చు. నా కర్రు నేలలో దిగాక మాత్రం మేడి పట్టకూడదు. పడితే ఎద్దులకు జబ్బు చేస్తుందట. ఊరి చివర రాళ్లలో కొలువున్న జాకరమ్మ తల్లి కళ్లెర్రజేస్తుందట.

ఇక పైన కొండవాలు సంగతి చూడండి. అక్కడ ఎద్దు నిలబడలేదు. అందుకని అక్కడి పోడు నేలనంతా ఆడవాళ్లే నడుములు విరిగేలా గునపాలతో, పారలతో తవ్వుతారు. సామలు, చోళ్లు, కందులు, పసుపు, అన్నీ వాళ్ల చేతుల మీదే పుడతాయి. అదీ నేలే. అదీ ఆ తల్లి ఒళ్లే. అక్కడ రాని కోపం కింద గెడ్డ పక్కన మడిలో మాత్రం ఎందుకొస్తుందని అడిగిన మగవాడు ఒక్కడూ లేడు. అడిగితే వాడూ పార పట్టుకుని పైకి ఎక్కాల్సొస్తుందని భయం కాబోలు.

నేను ఏడాదిలో కొద్దిరోజులు పనిచేసి, మిగతా కాలమంతా గోడకు చేరబడి ఉండేదాన్ని. దొన్నుకూ ఇంచుమించు అదే వరస. బుద్రి మాత్రం కోడి కూయకముందే లేచి కొండ కింద ఊట దగ్గర నీళ్లు పట్టి, ఎక్కి వచ్చి, సామలు దంచి, అంబలి కాచి, బిడ్డ జమునను వీపున కట్టుకుని పోడుకు పోయి, పొద్దు వాలాక పశువుల మేతతో దిగి వచ్చేది. గోడ పక్కన నా సరసనే ఆవిడ పార కూడా ఉండేది. పాపం దాని అంచు అరిగి సగమైంది. పండగనాడు పసుపు కుంకుమలు నాకు. దానికి మట్టి. నాకే సిగ్గేసేది.

ఈ ఆచారంలో ఒక సందు కూడా ఉంది. అదే ఈ కథకు ప్రాణం. తొలి చాలు వేసే రోజున ఇంటి మగవాడు జ్వరంతో పడున్నా, ఊళ్లో లేకపోయినా, ఒక మగబిడ్డ చెయ్యి మేడికి తాకించి చాలు వేయిస్తారు. వెనక పట్టుకుని తోసేది వేరే పెద్దమనిషే అయినా, ఆ చాలు బిడ్డ దున్నినట్టే లెక్క. ఊరి పెద్దను మా వైపు నాయుడంటారు. ఆయన కొడుకు ఊళ్లో లేని ఏడాది, ఆయన చంటి మనవడి చేత అలాగే వేయించారు. ముహూర్తాలు చూసే దిసారి తాత స్వయంగా వెనక నిలబడి మేడి పట్టాడు. మనవడు నిద్రపోతున్నాడు. మా మనవడు తొలి చాలు వేశాడని నాయుడు ఆ ఏడాదంతా ఊరంతా చెప్పుకున్నాడు.

ఇదిలా ఉండగా దొన్ను జీలుగుచెట్టు మీంచి పడ్డాడు. డోలీ కట్టి మోసుకెళ్లారు గాని, రెండో కొండ దిగేలోపే ప్రాణం పోయింది. వాణ్ణి ఎంత ఆడిపోసుకున్నా నన్ను చెక్కిన చెయ్యి వాడిదే. నాకు దుఃఖం కలిగింది. అత్త అంతకుముందే పోయింది, వాడూ పోయాక ఆ ఇంట్లో మిగిలింది బుద్రి, చిన్నపిల్ల జమున, రెండు ఎద్దులు, నేను, గెడ్డ పక్కన వరి మడి.

ఆ మడి మీదే అందరి కళ్లూ. ఊరి కట్టుబాటు ఏమిటంటే, నాట్ల పండగనాటికి దున్నకుండా వదిలేసిన మడి ఇంటి అన్నదమ్ములకు చెందుతుంది. నేల బీడు పడకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఎప్పుడో పెట్టి ఉంటారు. దున్నడానికి మగవాడు లేని ఇంటికి ఆ మంచి ఉద్దేశం ఉరితాడని వాళ్లకు తోచలేదు. మడి పోతే బుద్రికి మిగిలేది పైన పోడు మాత్రమే. అది ఏడాదికి సరిపడా తిండి పెట్టదు. బిడ్డను తీసుకుని పుట్టింటి గడప ఎక్కాలి, లేదా బావగారి పంచన పడి ఉండాలి.

బావగారు, అంటే దొన్ను అన్న గాసి, దుర్మార్గుడని చెప్పలేను. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. గాసి నెమ్మదస్తుడు. బుద్రి వెళ్లి అడిగితే, నా మడి కాగానే నీదే అన్నాడు. తన మడి అయ్యాక ఎద్దులు అలిసిపోయాయన్నాడు. మా ఎద్దులున్నాయి కదా అంటే, ఒంట్లో నలతన్నాడు. నలత తగ్గాక చుట్టాలొచ్చారన్నాడు. ఒక్కసారి కూడా రానని అనలేదు. రానన్నవాడితో పోట్లాడొచ్చు గాని, వస్తానన్నవాడితో ఎలా పోట్లాడతాం చెప్పండి.

బుద్రి ఇంటింటికీ తిరిగింది. ఊళ్లో మార్పు పని పద్ధతి ఉంది. నీ పని నేను చేస్తే నా పని నువ్వు చేస్తావు. నా మడి దున్నండి, మీ పసుపుతోటలో కలుపు తీస్తానంది. అందరూ సరేనన్నారు. ముందు కలుపు తీయమన్నారు. తీసింది. ఒకరి తోటా కాదు, అడిగినవాళ్లందరి తోటలూ తీసింది. గాసి తోట కూడా. చేతులు పచ్చగా, నడుం వంగిపోయి ఇంటికొచ్చి గోడకు చేరబడేది. అటు ఆవిడ, ఇటు నేను. దున్నడానికి మాత్రం ఒక్కడూ రాలేదు.

వానలు పడ్డాయి. మడిలో దున్నడానికి సరిపడే తడి, అదే పదును, వచ్చింది. ఆ వాసన నాకు గోడ దగ్గరికే తెలిసిపోతుంది. పదునంటే పిలిస్తే ఆగేది కాదు. నాట్ల పండగ దగ్గరికొచ్చేసింది. ఎద్దులు కొట్టంలో తిని కూర్చుంటున్నాయి. నేను గోడకు, మడి గెడ్డకు, మనిషి గడపకు. మధ్యలో ఒక్క చెయ్యి కావాలి. ఆవిడకు రెండున్నాయి. ఏం లాభం!

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దిసారి తాత మా వాకిలి ముందునుంచి పోతుంటే బుద్రి ఆపి అంబలి ఇచ్చింది. తాగుతుంటే నెమ్మదిగా కదిపింది.

"తాతా, నాయుడి మనవడు తొలి సాలు ఏసినాడు గదా. ఆ సాలు ఎవలిది?"

"పిల్లడిదే."

"ఆడు నిద్దరోతన్నాడు గదా."

"నిద్దరోతే మగోడు కాకుండా పోతాడేటి?" అని తాత మీసం తుడుచుకుని వెళ్లిపోయాడు.

బుద్రి గ్లాసు గడప మీద పెట్టేసింది. తర్వాత పక్కింటి చిన్నాలమ్మ దగ్గరికి వెళ్లింది. చిన్నాలమ్మకు పాలు తాగే కొడుకున్నాడు. పేరు రాజుబాబు. బోర్లాపడి పాకడం వచ్చింది, నిలబడటం రాలేదు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు గాని, చిన్నాలమ్మ నవ్వు మాత్రం వినిపించింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు అంత గట్టిగా నవ్వడం అరుదు.

మర్నాడు పొద్దున్నే బుద్రి నన్ను భుజాన వేసుకుంది. ఎద్దులను తోలింది. వెనకాల చిన్నాలమ్మ బిడ్డతో, ఆ వెనక జమున. మడి గట్టు దగ్గర బుద్రి రాజుబాబును తీసుకుని, ముఖం ముందుకు ఉండేలా రొమ్ముకు గుడ్డతో బిగించి కట్టుకుంది. చిన్నాలమ్మ పెట్టిన షరతు ఒక్కటే, పాలకు ఏడిస్తే వెంటనే ఇచ్చెయ్యాలి. ఎద్దులను కాడికి కట్టి, నా కర్రును నేలలో దించారు. బుద్రి ఆ పసివాడి అరచెయ్యి తీసి నా మేడి మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి వేసి అదిమింది.

నా మొట్టమొదటి ఆడ చాలు అలా మొదలైంది. ఉత్త ఆడ చాలు కాదట, మగ చాలే. ఎవరికి తెలుసు!

నిజం చెబుతున్నాను, ఆ చెయ్యి నాకు నచ్చింది. దొన్ను నన్ను అదిమితే ఒకే బలంతో అదిమేవాడు, రాయి వచ్చినా అంతే, బురద వచ్చినా అంతే. బుద్రి ఎన్నో ఏళ్లు పైన కొండ మీద చేత్తో నేల తవ్విన మనిషి. రాయి ఉందని నేను చెప్పకముందే చెయ్యి తేలిక చేసేది. మధ్యలో ఆ వెధవ బుల్లి చెయ్యి ఒకటి చెమట పట్టి జారుతుండేది. ఒక చాలు కాగానే రాజుబాబు నా మీద ఒంటేలు పోశాడు. రెండో చాలులో నిద్రపోయాడు. మూడో చాలులో లేచి మేడిని నోట్లో పెట్టుకోబోయాడు. పాలకు ఏడిస్తే చిన్నాలమ్మ గట్టు మీద కూర్చుని పట్టేది. అంతసేపూ ఎద్దులు, నేను, బుద్రి ఎండలో నిలబడి ఆ మగాడి కడుపు నిండేదాకా కాచుకునేవాళ్లం. పదును ఆరిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పెద్ద మనిషి, ఇంత ఒళ్లు, ఇంత బలం, ఇంత ఒడుపు పెట్టుకుని, పళ్లు రాని వాడి అనుమతి కోసం ఆగాలా?

మడి సగం దున్నేసరికి కబురు అందింది. నాయుడు, గాసి, దిసారి తాత, వెనక నలుగురు మగాళ్లు గెడ్డ దాటి వచ్చారు. ఇన్నాళ్లు దున్నడానికి తీరిక లేనివాళ్లందరికీ ఆపడానికి తీరిక దొరికింది. బుద్రి ఎద్దులను ఆపింది గాని, చెయ్యి తీయలేదు. పిల్లాడి చేతిని నా మేడికి ఇంకాస్త గట్టిగా అదిమింది.

"మేడి ఎవలు పట్టినారు?" అన్నాడు నాయుడు.

"రాజుబాబు పట్టినాడు మావా."

గాసి ముందుకొచ్చాడు. "మరి నువ్వేటి పట్టినావు?"

"నాను ఆడి సెయ్యి పట్టినాను బావా. మేడి ఆడు పట్టినాడు, ఆణ్ణి నాను పట్టినాను. ఇది సాలు కాదంటే సెప్పండి. అప్పుడు నాయుడి మావ మనవడు ఏసిన సాలు కూడా సాలు కాదని సెప్పండి."

అందరూ దిసారి తాత వైపు చూశారు. తాత ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో మబ్బులున్నాయి, వాన ఎక్కడికీ వెళ్లిపోలేదు. గట్టు మీద చిన్నాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుబాబు నాయుణ్ణి చూసి చొంగ కారుస్తూ నవ్వాడు.

పెద్దలు చింతచెట్టు కిందికి వెళ్లి కూర్చున్నారు. కల్లుకుండ తెప్పించారు. వాళ్లు తేల్చేలోపు బుద్రి ఎందుకైనా మంచిదని మిగతా సగం కూడా దున్నేసింది. పొద్దు వాలే వేళకు తీర్పు వచ్చింది. మడి దున్నింది రాజుబాబే. కాబట్టి మడి బీడు పడలేదు. కాబట్టి అది బుద్రిదే. ఇంతవరకూ బాగానే ఉంది. దున్నినవాడికి ఆచారం ప్రకారం కోడి తలకాయ, మొదటి విస్తరి పెట్టాలి. వాడికి పళ్లు లేవు కనక వాళ్ల నాన్న తిన్నాడు. కోడి కోసి కూర వండింది ఎవరని అడక్కండి. రోజంతా మడి దున్ని వచ్చిన బుద్రే. విస్తళ్లు ఎత్తింది కూడా ఆవిడే. అందరూ రాజుబాబును ఎత్తుకుని, మగాడంటే వీడే అని బుగ్గలు గిల్లారు.

నాకు బుద్రి మీద కూడా కోపం వచ్చింది. చేసిన పనిని చేశానని చెప్పుకోవచ్చు కదా! చిన్నాలమ్మకు కూడా అదే ఉక్రోషం. గిన్నెలు తోముతూ, ఇంత చేసి పేరు నా కొడుక్కి పోయిందేమిటే అని అంటే, బుద్రి ఇలా అంది.

"నాకు మడి కావాల. మాట ఆళ్లనే ఉంచుకోనీ. మాట వొండుకుంటే కూడు అవ్వదు."

నా కోపం దిగిపోయింది. ఆకలి సంగతి కొయ్యకేం తెలుసు.

దాని తర్వాత జరిగింది ఇంకా చిరాకు. ముడి విప్పమంటే దాని మీద ఇంకో ముడి వేశారు. మగదిక్కు లేని ఆడవాళ్లు మగబిడ్డ చెయ్యి మీద చెయ్యి వేసి దున్నుకోవచ్చని అదే కొత్త ఆచారమైంది. ఏరువాక వచ్చేసరికి చంటి మగపిల్లలకు ఎక్కడలేని గిరాకీ. పక్క గూడేల నుంచి కూడా అడగడానికి వచ్చేవాళ్లు. మొగుడు బతికున్నా కదలని ఇళ్లలో కూడా, పిల్లాణ్ణి కట్టుకుని పొమ్మనేవాళ్లు. అలా ఆడవాళ్లు చేసే పనుల్లో దున్నడం కూడా కలిసింది. మగవాళ్ల చేతుల్లో ఉన్న ఒక్క పనీ తగ్గి, కల్లు తాగడానికి వెసులుబాటు పెరిగింది. ఆచారం మాత్రం చెక్కుచెదరలేదు.

బుద్రి అలా ఏడాదికో పసివాడితో దున్నుకుంటూ వచ్చింది. తర్వాత ఒక ఏడాది ఊళ్లో పుట్టినవాళ్లంతా ఆడపిల్లలే. జాకరమ్మ తల్లికి కూడా విసుగు పుట్టిందేమో. రాజుబాబు అప్పటికి పెద్దవాడై, పొద్దున్నే పనసచెట్టు ఎక్కి దిగనన్నాడు. పదును పోతోంది. బుద్రి కాసేపు ఇంటి కప్పు వైపు చూసింది. కప్పు మీద గుమ్మడితీగ ఉంది. ఒక మాదిరి కాయ కోసి, గుడ్డలో చుట్టి, రొమ్ముకు కట్టుకుంది. కాయ మీద చిన్న టోపీ కూడా పెట్టింది.

ఆ రోజు సన్నటి జల్లు, మంచు. ఆవిడ నెత్తిన ఆకుల గొడుగు. దిసారి తాత గట్టు మీదికి వచ్చి, చూపు ఆనక కళ్లు చికిలించుకుని, చెయ్యెత్తి దీవించాడు.

"బిడ్డ ఏడుపు ఇనపడ్డం నేదేటి?"

"బుద్దిమంతుడు తాతా," అంది బుద్రి.

జమున పలుపు పట్టుకుని ఎద్దుల ముందు నడుస్తోంది. నవ్వు ఆపుకోలేక బురదలో కూలబడింది. ఆ రోజు బుద్రి అరచెయ్యి, మధ్యలో ఎవరూ లేకుండా, నా మేడి మీద పడింది. గరుకు చెయ్యి. వేడిగా ఉంది. అప్పటికి నేను ఎన్నో ఏళ్లుగా నాగలిని. నాగలిగా పుట్టినందుకు సంతోషపడింది మాత్రం ఆ ఒక్కరోజే. వాన వెళ్లిపోలేదు. ఎద్దులకు జబ్బు చెయ్యలేదు. మడి ఎప్పటిలాగే పండింది. సాయంత్రం బుద్రి, జమున, చిన్నాలమ్మ తలుపు వేసుకుని గుమ్మడికాయ కూర వండుకున్నారు. దున్నినవాడి వాటా కింద మొదటి ముక్క నా ముందు పెట్టి జమున నవ్వింది. ఈసారి మడి దున్నింది గుమ్మడికాయేనని ఊళ్లో చెప్పేద్దామని తల్లిని అడిగింది.

"సెప్తే, వచ్చే ఏడు మగ గుమ్మడికాయ కావాలంటారు," అంది బుద్రి.

తర్వాత ఊరికి రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట దున్నే మిషను వచ్చింది. నాకు పనిలేకుండా పోయింది. కొన్నాళ్లు కోళ్లు నా మీద నిద్రపోయాయి. ఒకరోజు కింది పట్నం నుంచి మ్యూజియంవాళ్లు వచ్చి, పాత వస్తువులేమైనా ఉంటే ఇవ్వమన్నారు. కప్పు కారి చెద పడుతోందని బుద్రి నన్ను ఇచ్చేసింది. ఇచ్చేముందు గెడ్డలో కడిగి పసుపు రాసింది. పాత పారను కూడా తీసుకోమంది. అది వద్దన్నారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా వెనక ఒక సిమెంటు మనిషిని నిలబెట్టారు. గోచీ, తలపాగా, ఇంతింత మీసాలు. వాడి చెయ్యి నా మేడి మీద. కరకగొందిలో అంత కండలున్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. వాడి వెనక తల వంచుకుని విత్తనాల బుట్టతో ఒక సిమెంటు ఆడమనిషి. పురుషుడు దున్నును, స్త్రీ విత్తును అని పలక మీద రాశారు. పక్కనే ఇంకో పలక, వస్తువులను ముట్టరాదు అని. ఇక్కడ కూడా!

ఇక్కడికి వచ్చినవాళ్లకు అన్నీ చూపించి చెప్పే ఉద్యోగం ఎవరిదనుకుంటున్నారు? రాజుబాబుది. డిగ్రీ చదివి, చొక్కా టక్ చేసుకుని, జనం రాగానే మొదట నా దగ్గరికే తీసుకొస్తాడు. "ఇది మా ఊరి నాగలండీ. పాకే వయసులోనే నేను దీంతో ఒక మడంతా దున్నాను" అంటాడు. జనం నోళ్లు తెరుస్తారు. వాడు అబద్ధమాడటం లేదు. చిన్నప్పటినుంచి ఊరంతా అదే చెప్పింది, వాడు నమ్మాడు. రోజూ వినలేక చస్తున్నాను. చెవుల్లేకపోయినా.

మొన్న బుద్రి వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. జమున చెయ్యి పట్టుకుని నడిపించింది. ఈ ఏడు మడి జమునే మిషనుతో దున్నిందట. మిషను మీద ఆడది చెయ్యి వెయ్యకూడదని ఏ దేవతా ముందుగా చెప్పి పెట్టలేదట, అందుకని ఎవరూ అడ్డు రాలేదట. రాజుబాబు అప్పుడే ఒక బడి పిల్లలకు నా ముందు తన పరాక్రమం చెబుతున్నాడు. బుద్రి వెనక నిలబడి చివరిదాకా విన్నది. తర్వాత నా చుట్టూ కట్టిన తాడు దాటి నా దగ్గరికి రాబోయింది.

"ముట్టకూడదు పిన్నీ. రూలు," అన్నాడు వాడు. ప్రేమగానే అన్నాడు.

బుద్రి ఆగింది. వాడి ముఖంలోకి చూసింది. "సరే, నాను ముట్టను. నువ్వు ముట్టొచ్చా?"

"నేను ఇక్కడి మనిషిని కదా, ముట్టొచ్చు."

"సెయ్యి ఇలా తే."

వాడు ఇచ్చాడు. ఆవిడ ఆ పెద్ద చేతిని తీసుకుని, సిమెంటువాడి వేళ్ల పక్కన, నా మేడి మీద పెట్టింది. దాని మీద తన చెయ్యి వేసి అదిమింది. ముసలి చెయ్యే గాని, మునుపటి చెయ్యే. రాయి వస్తే తేలికయ్యే చెయ్యి. నేను కదిలాను. ఇన్నేళ్లకు కదిలాను. సిమెంటు చెయ్యి మాత్రం కదలడానికి చేసింది కాదు. మణికట్టు దగ్గర పటుక్కున విరిగి కింద పడింది.

పిల్లలు గొల్లున నవ్వారు. రాజుబాబు నవ్వలేదు. తన చేతి మీదున్న ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. వాడికి అప్పటి సంగతి గుర్తుండే వీల్లేదు. అయినా ఆ బరువు వాడి ఒంటికి తెలిసినట్టుంది.

"పిన్నీ, మరి నేను దున్నిందేటి?" అన్నాడు. చదువుకున్న భాష జారిపోయింది.

"నువ్వు మంచిగా నిద్దరోయినావు నాయినా. అదే సాయం," అంది బుద్రి. చెయ్యి తీసి, నడుం నిమురుకుంటూ, బస్సు వెళ్లిపోతుందని జమునను తొందర పెట్టింది.

సిమెంటు చెయ్యి అతికించడానికి పైనుంచి ఉత్తరువు రావాలట. ఇంకా రాలేదు. ఆ మీసాలవాడు మొండి చేత్తో నిలబడి ఉన్నాడు. పలక మీద పురుషుడు దున్నును అన్న మాట అలాగే ఉంది, ముట్టరాదన్న మాట కూడా అలాగే ఉంది. రాజుబాబు ఇప్పుడు నా దగ్గర పరాక్రమం చెప్పడం మానేశాడు. నాగలి అని మాత్రం చెప్పి పక్కకు వెళతాడు. బడిపిల్లలు వచ్చినప్పుడు, అందరూ ముందుకు పోయాక, ఎవరో ఒక ఆడపిల్ల వెనక్కి వస్తుంది. అటూ ఇటూ చూసి, తాడు కిందనుంచి దూరి, ఖాళీగా ఉన్న నా మేడిని రెండు చేతులా పట్టుకుని ఒకసారి అదిమి చూస్తుంది. అప్పుడు రాజుబాబు గోడ వైపు తిరిగి నిలబడతాడు.